పుణ్యస్మరణమున పలుకవలసిన మాట

వీరశైవుల యిండ్ల నుండి వెలువడు పత్రికలను చూచినవారికి ఒక విషయము విదితమే. మనము "చనిపోయినారు" అని వ్రాయము. "లింగైక్యము చెందినారు" అని వ్రాయుదుము. కర్మకాండ అనము, శివగణారాధన అందుము. మాటలు మార్చుట సులభము. ఆ మాటల వెనుకనున్న సిద్ధాంతమును ఇంటిలో నిలుపుకొనుట అంత సులభము కాదు. ఈ సంగతి నాకు మా పెద్దతండ్రిగారి పుణ్యస్మరణ దినమున బోధపడినది. ముప్పది యేండ్లుగా తెలుగు బోధించువాడను గనుక నా దృష్టి మొదట మాటలపైననే పోవును. పాఠకులు మన్నింతురు గాక.

గురుకరుణచే లభించిన ఇష్టలింగమును జీవితాంతము ధరించిన భక్తునకు భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ స్థలములను దాటి ఐక్యస్థలము నందుటయే గమ్యము. అందుచేతనే మనలో దేహమును దహింపరు. కూర్చుండబెట్టి, విభూతి నలది, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి, బిల్వపత్రములతో భూమిలో సమాధి చేయుదురు. జనన, జాతి, ప్రేత, రజస్, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లింగధారికి లేవని పెద్దల నిర్ణయము. ప్రేతత్వమే లేనప్పుడు పిండమెవరికి? తర్పణమెవరికి? మన ఇరుగుపొరుగువారు పెత్రమాసనాడు తమ పెద్దల పేర బియ్యము ఇచ్చునపుడు వారి మనస్సులో స్పష్టమైన భావమొకటి యున్నది: పెద్దలు ఎదురుచూచుచుందురు, వారిని తృప్తిపరుపవలెను. మనకా భావము లేదు. లింగమున కలిసినవారికి మనవలన కావలసినది ఏమియు లేదని మనమే చెప్పుచున్నాము. అట్లయిన ఏటేట బంధువులందరును కూడి, ఒకరిని తలచుకొని, విస్తళ్ళు వేసి భుజించుట ఎవరికొరకు? ఆనాడు ఏమి పలుకవలెను, ఏమి పలుకరాదు?

మా పెద్దతండ్రిగారు 2015లో లింగైక్యులైరి. వారి గ్రామము నేడు లేదు. తొగుట, కొండపాక మండలములలో నిర్మితమైన మల్లన్నసాగరము క్రింద మునిగిన గ్రామములలో అదియు నొకటి. 50 టి.ఎం.సి.ల నీరు నిలుపుటకు కట్టిన ఆ జలాశయమును 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించిరి. వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము మొదలగు గ్రామముల ప్రజలలో అనేకులు గజ్వేలు చెంత కట్టిన పునరావాస కాలనీకి తరలిరి. మా దాయాదులు సిద్దిపేటలో ఇండ్లు కట్టుకొనిరి. విడిచివచ్చునపుడు ఇంటిని విప్పి దూలములు, దర్వాజాలు బండ్లకెత్తుకొని రావచ్చును. సమాధిని ఎత్తుకొని వచ్చుట యెట్లు? పెద్దతండ్రిగారిని వారి చేనిలోనే, మారేడు చెట్టు క్రింద, సమాధి చేసియుంటిమి. నేడు దానిపై ఎన్ని బారల నీరున్నదో!

నీరు నిండిన తరువాత వచ్చిన మొదటి పుణ్యస్మరణమునాడు మేమందరము ఉదయముననే కట్టపైకి పోయితిమి. మా చిన్నన్న బిల్వపత్రములను, విభూతిని నీటిలో వేయబోయి, చేను ఏ దిక్కున ఉండెనో గుర్తుపట్టలేక నిలిచిపోయెను. "అదిగో ఆ గుట్ట నుంచి ఇటు రావాలె" అని ఒకరు, "కాదు, ఇంకా పడమటికి" అని మరొకరు. చివరకు ఒక స్త్రీ దుఃఖమాపుకొనలేక ఏడ్చెను. వెంట వచ్చిన జంగమయ్యగారు వయోవృద్ధులు. వారు మెల్లగా ఇట్లనిరి: "నీళ్ళ కిందుంటే మీకు కనబడ్తలేదు గాని, ఆయనకేం కొరత? మీరు దండం పెట్టేది మట్టికా, లింగానికా?"

అందరి మనస్సులును తేలికపడెను. నాకును అట్లే. సిద్ధాంతము మనకు అనుకూలముగా నున్నప్పుడు ఎంత హాయిగా నుండును! అదే సిద్ధాంతము అదే దినమున మధ్యాహ్నమునకు మమ్ము నిలదీయునని కట్టపై నిలిచియున్నప్పుడు ఎవరు తలచిరి?

ఇంటికి వచ్చి జంగమార్చన ముగించుకొంటిమి. కొమురవెల్లి నుండి, జహీరాబాదు నుండి, బీదరు నుండి వచ్చినవారితో కలిపి డెబ్బదిమందికి పైగా ఉండిరి. బీదరు బంధువుల తెలుగులో సగము కన్నడమే; పిల్లలు దానిని విని నవ్వుకొనుటయు ప్రతి ఏట ఉండు వేడుకయే. ప్రసాదమునకు ముందు పెద్దలు తలా నాలుగు మాటలు చెప్పుట మా యింటి వాడుక. పెద్దతండ్రిగారు సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగు కొమురవెల్లి మల్లన్న జాతరకు వచ్చిపోవు బాటసారులకు అంబలి పోయించుచుండిరని ఒకరు చెప్పిరి. వాకిటికి వచ్చిన జంగముని రిక్తహస్తములతో పంపలేదని మరొకరు. ఇవి యన్నియు నిజములే. మొదటి సంవత్సరము నేనును ఒక సీసపద్యము వ్రాసి చదివితిని. నాటినుండి ప్రతి సంవత్సరము దానిని పత్రికపై అచ్చువేయించుచుండిరి.

అప్పుడు మా మేనత్త లేచెను. ఎనుబది దాటిన వృద్ధురాలు. ఏనాడును సభలో నోరు విప్పి యెరుగదు. "అన్నీ మంచివే చెప్పిండ్రు బిడ్డా. తెల్లకాయితం సంగతి మాత్రం ఎవ్వరు చెప్పకపోతిరి" అనెను.

తెల్లకాగితమనగా సాదా బైనామా. రిజిస్ట్రేషను లేక, స్టాంపు లేక, సాక్షుల సంతకములతో భూమిని అమ్మిన పత్రము. మన తెలంగాణ పల్లెలలో ఆ కాగితములపైననే ఎన్నియో సేద్యములు నడచినవి. పెద్దతండ్రిగారి యొద్ద ఒకడు పదునాలుగేండ్లు జీతమున్నాడు. జీతము బాకీ పెరిగి పెరిగి, దానికి బదులుగా ఎకరము పది గుంటల చెలక అతనికి వ్రాసి యిచ్చిరి. అతడు దానిని దున్నుకొనెను, పండించుకొనెను. పట్టా మాత్రము మారలేదు. "ఈ ఏడు గాదు, వచ్చే ఏడు" అనుచునే పెద్దతండ్రిగారు కాలము గడపిరి. దురాశచేత కాదు; వారికి కచేరీల చుట్టు తిరుగుట గిట్టదు. 2016లో ప్రభుత్వము సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసికొన్నప్పటికి వ్రాసి యిచ్చినవారును లేరు, పుచ్చుకొన్నవాడును లేడు. అతని కుమారుడు పొట్టకూటికై గల్ఫుదేశమున నుండెను. పిమ్మట భూసేకరణ జరిగినది. పట్టాలో ఎవరి పేరున్నదో వారి వారసులకే పరిహారము ముట్టినది. ముగ్గురు అన్నలును సమముగా పంచుకొనిరి.

ఆ కుమారుడు ఆ సమయమున మా పెరటిలో విస్తళ్ళు తుడుచుచుండెను. ఎవరు పిలిచిరని కాదు. పెద్దతండ్రిగారి చేతి అంబలి త్రాగి పెరిగినవాడు గనుక ఏటేట తానే వచ్చును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆ తెల్లకాగితముపై నున్న రెండు సాక్షి సంతకములలో నొకటి మా తండ్రిగారిది. నేను దానిని చిన్ననాట కన్నులార చూచితిని. సీసపద్యము వ్రాయునపుడు అది నాకు జ్ఞప్తికి రాలేదని చెప్పలేను. వచ్చినది, పద్యమున ఇమిడెడిది కాదని ప్రక్కన పెట్టితిని.

మా పెద్దన్న ముఖము ఎర్రబారెను. "ఇవ్వాళ ఆ ముచ్చట ఎందుకత్తా? బాపు లేచొచ్చి జవాబు చెప్తడా?" అనెను. ఈ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు. లేనివాని మీద పడిన మాటకు బదులు చెప్పువాడెవడు? బ్రతికియున్నప్పుడు అనని మాటను పోయిన తరువాత అనుట ఏమి మగతనము? పైగా బంధువులు కూడునది ఒకరినొకరు కలుపుకొనుటకు. మనుమలు, మనుమరాండ్రు వినుచుండగా తాతగారి లోపమును చెప్పిన ఆ పసిమనస్సులలో మిగులునదేమి? ఇవియన్నియు ఆలోచింపదగినవే. మన పెద్దలు పోయినవారిని గూర్చి చెడు పలుకరాదని చెప్పుటలో దయ యున్నది.

కాని మా జంగమయ్యగారు ఉదయము చెప్పిన మాటయే నా చెవులలో మ్రోగుచుండెను. లింగమున కలిసినవారికి నీటివలన కొరత లేనిచో నిజమువలన మాత్రము కొరత యెట్లు కలుగును? మన పొగడ్తవలన వారికి వచ్చు లాభము లేదు, మన మాటవలన పోవు మర్యాద లేదు. ప్రేతసూతకము లేదని శాస్త్రము చెప్పుచు, పోయినవారి పేరు మైలపడునని భయపడుట ఒకవిధమైన ప్రేతసూతకమే కదా! మేము కాపాడుచుండినది పెద్దతండ్రిగారి గౌరవమును కాదు. పరిహారము పంచుకొన్న వారి యొక్కయు, సాక్షి కుమారుడనై మౌనము వహించిన నా యొక్కయు నెమ్మదిని.

పోయినవారి లోపములన్నిటిని ఏరి సభలో గుమ్మరించుమని నా భావము కాదు. పెద్దతండ్రిగారు కోపిష్ఠి. ఒకప్పుడు మా పెద్దతల్లిని పదిమందిలో నోరుజారి యనిరట. ఆ తల్లియు లేదు. దానిని నేడు తవ్వి తీసి ఎవరికి ఏమి చేయగలము? అట్టివి వారితోనే సమాధియైనవి. తెల్లకాగితము అట్టిది కాదు. పోయినవారు చేయవలసి చేయక విడిచినదియు, ఉన్నవారు నేటికిని చేయగలిగినదియు నగు పని సమాధి కాలేదు, నీట మునుగలేదు. దానిని పలుకకుండుట మర్యాద యని నేను ఒప్పుకొనజాలను.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బిజ్జలుని భాండాగారమును బసవేశ్వరుడు జంగములకు దోచిపెట్టుచున్నాడని కొందరు నేరము మోపిరి. బసవేశ్వరుడు అలుగలేదు, భాండాగారమును తెరచి లెక్కింపుమనెను. లెక్కించిరి, కొరత లేదు. సాధారణముగా ఈ కథను మహిమగా చెప్పుకొందుము. నేను తరగతిలో చెప్పునపుడు మాత్రము మహిమకు ముందున్న చర్యను పిల్లలకు చూపుదును: అంతటి భక్తుడును లెక్క చూపుటకు వెనుదీయలేదు.

ఆయ్దక్కి మారయ్య కథ ఇంకను సూటియైనది. కళ్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, దానితో దాసోహము చేయుట అతని కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. మన అవసరమునకు మించినది మనది కాదు, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. తినుటకును కాదు, జంగమ దాసోహమునకే. అయినను ఆ తల్లి దానిని పొయ్యి మీదికి ఎక్కనీయలేదు. మా యింట ఆనాడు డెబ్బది విస్తళ్ళలో వడ్డించిన ప్రసాదమున ఎకరము పది గుంటల పరిహారపు సొమ్ము ఎంత కలిసియున్నదో నేను లెక్క వేయసాగితిని. లెక్క తేలలేదు. అన్నము మాత్రము గొంతు దిగలేదు.

చట్టము మాట యేమందురా? తండ్రి ఋణమును కుమారుడు తీర్చుట పవిత్ర కర్తవ్యమని పూర్వము న్యాయస్థానములు సయితము బలవంతపెట్టుచుండెను. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో వచ్చిన సవరణతో, ఆ తరువాతి ఋణముల విషయమున, కేవలము ఆ కర్తవ్యమును బట్టి కుమారునిపై దావా నడపుటకు వీలులేకపోయెను. తెల్లకాగితమునకు కోర్టులో ఎంత విలువయో మా నడిపియన్నకు బాగుగా తెలియును. అతడు వకీలును కూడ అడిగి వచ్చెను. చట్టము విడిచిపెట్టిన చోట ఇక మిగిలినది మనుష్యుడును, అతని మెడలోని లింగమును మాత్రమే.

ఆనాడు ఏమియు తేలలేదు. ప్రసాదము చల్లారిపోయెను. బీదరు బంధువులు బస్సు వేళయైనదని తొందరగా లేచిరి. కొందరు మేనత్తను తప్పుపట్టిరి, కొందరు ఆమె మతి చలించినదనిరి. నాలుగు నెలలైన పిమ్మట పెద్దన్న తనంతట తానే వచ్చి, ఆ చెలకపై తనకు ముట్టిన మూడవ వంతును బ్యాంకులో ఆ కుమారుని పేర వేసితినని చెప్పెను. ఆనాడు సభలో గట్టిగా మాటలాడినవాడే మొదట ఇచ్చుట నాకు నేటికిని వింతగానే యున్నది. తరువాత చిన్నన్న ఇచ్చెను. నడిపియన్న ఇయ్యలేదు. మరుసటి యేటి పుణ్యస్మరణమునకు రానులేదు. అతని పిల్లలు మాత్రము వచ్చి, ఒక మూల కూర్చుండి, భుజించి పోయిరి. వారిని చూచినప్పుడు పెద్దన్న ప్రశ్న మరల నన్ను బాధించెను. బంధువులను కలుపవలసిన దినము ఒక యింటిని దూరము చేసినమాట నిజమే.

మిగిలిన వంతును తన బంగారముతో తీర్చుదునని మేనత్త పట్టుపట్టెను. తన చేతి మురుగులు తీసి కొంగున కట్టుకొని, ఆ కుమారుని పిలిపించి ముందు పెట్టెను. అతడు వానిని ముట్టలేదు. "ఇది నువ్వియ్యాల్సింది గాదు గదా అవ్వా" అని, మూట తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, టీ త్రాగి పోయెను.

నా వంతు మిగిలియుండెను. సీసమునకు క్రింద నుండు ఎత్తుగీతిలోనైనను ఆ తెల్లకాగితమును చేర్చవలెనని మూడు మారులు ప్రయత్నించితిని. గణములు కుదిరినవి గాని, చదివిన ప్రతిసారి నన్ను నేను మెచ్చుకొనుచున్నట్లు తోచెను. చించివేసితిని. ఈ సంవత్సరపు పత్రికపై పద్యము లేదు. తిథి, స్థలము, జంగమార్చన వేళ, ప్రసాద వేళ మాత్రమే అచ్చువేయించితిమి. ఆహ్వానించువారి పేర్లలో ముగ్గురు అన్నల పేర్లకు క్రింద, మేనత్త కోరిక మేరకు, ఆ కుమారుని పేరును వేయించితిమి. నడిపియన్నకు పత్రికను నేనే స్వయముగా ఇచ్చి వచ్చితిని. చదివి, మడిచి, జేబులో పెట్టుకొనెను.