విడిచిపెట్టిన అంకె

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలాదిమందిని బలిగొన్నది. పక్కనున్న కర్మాగారంలో ఏమి నిలవ చేశారో ఆ బస్తీల జనానికి సరిగా తెలియనే తెలియదు. ఆ ఘోరం చూసి ఉలిక్కిపడిన అమెరికా, కర్మాగారాలు విడిచే విషపదార్థాల లెక్కను తెలుసుకొనే హక్కు ప్రజలకున్నదని 1986లో శాసనం చేసింది. చనిపోయినవారు మనవారు, హక్కు ముందుగా దక్కింది అమెరికన్లకు. అది వేరే కథ.

లెక్క ఒక్కటైతే బాగుండును. విషపదార్థాల జాబితా ఏటేటా వస్తుంది. గాలిలో కలిసేవాటి జాతీయ జాబితా మూడేళ్ళకొకసారి. ప్రమాదకర వ్యర్థాల నివేదిక రెండేళ్ళకొకసారి. నీటిలోకి వదిలేవాటికి మరొక దస్తరం. ఒకచోట పౌనులు, ఒకచోట టన్నులు. ఒకే కర్మాగారానికి ఒక్కొక్క దస్తరంలో ఒక్కొక్క నంబరు. వీటిని కలపడానికి అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థవారు ‘స్ట్యూవీ’ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసి, దాని కోడును అందరికీ అందుబాటులో ఉంచారు. అది కొలతలన్నిటినీ కిలోగ్రాములలోకి మారుస్తుంది, ఏ నంబరు ఏ కర్మాగారానిదో పోల్చుకుంటుంది.

ఇది గుమాస్తాపని, ఇందులో నీతి ప్రశ్న ఎక్కడిదని ఒక మిత్రుడన్నాడు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. కాని ఒక కర్మాగారం గాలిలోకి వదిలిన ఒకే పదార్థానికి రెండు జాబితాలు రెండు అంకెలు చెబితే ఏం చేయాలి? రెండూ కూడితే ఒకే విషాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. కనుక ముందే నిర్ణయించిన వరుసను బట్టి స్ట్యూవీ ఒక అంకెను ఉంచి రెండవదాన్ని విడిచిపెడుతుంది. కూడడం తప్పేనని ఒప్పుకుంటాను. మరి ఆ తేడా ఏమైపోయినట్టు?

ఒక అంకె పొగగొట్టం దగ్గర కొలిచినది కావచ్చు. ఒకటి, ఇంత సరుకు వాడితే ఇంత వాయువు వస్తుందని గుణించినది కావచ్చు. ఏ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిపే మార్కును కూడా స్ట్యూవీ వేస్తుంది, అది మెచ్చుకోదగినదే. అయినా, గోడ పక్కన కాపురమున్న మనిషి కోణం నుంచి చూడండి. రెండుచోట్ల రెండు మాటలు ఎందుకు వచ్చాయని నిలదీయడానికి అతనికి ఆధారం కావాలి. పరిశోధకునికి అడ్డుగా తోచిన ఆ వైరుధ్యమే అతని చేతిలో సాక్ష్యం. (పదిమందికంటె తక్కువ పనివారున్న కర్మాగారాలు సాధారణంగా విషపదార్థాల జాబితాకు లెక్క చెప్పనక్కరలేదు. వాటి పక్కన బతికేవారికి ఆ జాబితాలో ఈపాటి సాక్ష్యం కూడా లేదు.)

సాఫ్ట్‌వేరును దూషించడం నా ఉద్దేశం కాదు. ఏ జాబితా వైపు మొగ్గాలన్న నిర్ణయం ఒక గుమాస్తా మనసులో ఉన్నంతకాలం దానితో ఎవరూ వాదించలేరు. ఇప్పుడది కోడులో అక్షరాలా రాసివుంది, చదివి వాదించవచ్చు. నా వాదమంతా ఇంతే: విడిచిపెట్టిన అంకెను కూడా, ఏ జాబితాలోదో చెబుతూ, ఎన్నుకున్న అంకె పక్కనే చూపించాలి.