ఉమ్మడి నేలపై ఒక్కని యిల్లు

ప్రాతఃకాలమున శయ్య దిగి నేలపై పాదము మోపుటకు ముందు, విష్ణుపత్నియగు భూదేవిని క్షమింపుమని వేడుకొనుట మన యిండ్లలో ఆచారము. అట్లు మ్రొక్కిన చేతులతోనే పది గంటలకు కోర్టు ఆవరణమున, తోడబుట్టినవానిపై వ్యాజ్యమునకు వకాల్తానామాపై సంతకము చేయువారును మనలో కలరు. వారిని నిందించుట సులభము. కాని అన్న ఉమ్మడి స్థలమున పునాది త్రవ్వుచుండగా తమ్ముడు చూచుచు ఊరకుండుట ధర్మమా? అడ్డగించుట ధర్మమా?

ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి తన కష్టార్జితముతో కొని, మరణశాసనము వ్రాయక విడిచిపోయిన పది సెంట్ల స్థలము, పంపకము జరుగలేదు. అన్న వీథివైపు భాగమున ఇల్లు ఆరంభించెను. ఉమ్మడి హక్కుదారులలో ప్రతివారికిని ప్రతి అంగుళమునందును హక్కు కలదని న్యాయశాస్త్రము చెప్పును. ఈ మాట వినుటకు వేదాంతమువలె నుండును గాని, తగవులన్నియు దీనినుండియే పుట్టుచున్నవి. "నాకు హక్కు లేని అంగుళము లేదు గదా, కట్టుకొందును" అని అన్న యనును. "నాకును కలదు గదా, ఆపుము" అని తమ్ముడు అదే మాట ననును.

తాత్కాలికముగా ఇంజంక్షను ఇచ్చుటకు పూర్వము న్యాయస్థానము, అడిగినవాని పక్షమున పైకి కనబడు బలము కలదా, ఉత్తరువు వలన ఎవరికి కష్టము హెచ్చు, కలుగబోవు నష్టము పిదప ధనముతో పూడునా అని విచారించును. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 41వ సెక్షనున మరియొక మాట కలదు. వాది తన నడవడిచేతనే సహాయమునకు అనర్హుడైనచో ఇంజంక్షను ఈయరాదు. ఇచ్చట చట్టము మన అంతరాత్మను తాకుచున్నది. శంకుస్థాపననాడు తాంబూలము పుచ్చుకొని, గోడలు లేచుచుండగా మౌనము వహించి, శ్లాబు వేయువేళకు కోర్టు కెక్కిన తమ్ముడు తన హక్కును కాపాడుకొనలేదు. అన్న సొమ్ము మునుగువరకు వేచియున్నాడు. మొదటి గడ్డపార పడిననాడే ఎదురునిలిచి "ముందు పంచుకొందము, పిదప కట్టుము" అన్నవాడు ఇంతకంటె మంచి సోదరుడని నా తలంపు.

అన్నయు నిర్దోషి కాడు. కట్టినవాని భాగము సాధ్యమైనంతవరకు వానికే వచ్చునట్లు పంచి, తక్కినవారికి లోటు ధనముతో సరిచేయుట న్యాయస్థానములు అనుసరించు పద్ధతి. ఆ దయను ముందే లెక్కవేసికొని వీథిముఖమును ఆక్రమించుటయు కద్దు.

సూదిమొన మోపినంత నేలయు ఈయనన్న దుర్యోధనుని మనము తరచు తలంతుము. ఐదూళ్ళైనను చాలునని అడుగుటకు జగన్నాథుడు తానే హస్తినకు నడచివచ్చిన సంగతిని అంతగా తలపము. కోర్టు నోటీసు పంపుటకు ముందు అన్న గడప తొక్కినవారు మనలో ఎందరు?

ఇంతకును ఈ సోదరులు చెరి ఐదు సెంట్లని లెక్కించుకొని పోరాడుచున్నారు. ఆ లెక్కయే తప్పు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి ఇట్టి ఆస్తిలో తల్లికిని, అత్తవారింటనున్న చెల్లెలికిని సమానభాగము కలదు. ఒక్కొక్కరికి రెండున్నర సెంట్లే. గృహప్రవేశమునాడు హారతి పట్టుటకు ఆ చెల్లెలిని తప్పక పిలుతురు. పునాదికి ముందు ఆమెను అడిగినవారు లేరు.