తప్పిపోయిన యువరాజు



ఫ్రాన్సు విప్లవంలో తప్పిపోయాడని లోకం చాలాకాలం చెప్పుకున్న ఒక బాలుణ్ణి ఈ వారం తలచుకుందాం. 16వ లూయీ రాజుకు, మరీ ఆంత్వానెత్ రాణికి 1785లో పుట్టిన లూయీ షార్ల్ అతడు. 1793 జనవరి 21న తండ్రికి శిరచ్ఛేదం జరిగింది. జూలైలో, పారిస్‌లోని టెంపుల్ చెరసాలలో, ఎనిమిదేళ్ల ఆ పసివాణ్ణి తల్లి నుండి వేరుచేశారు. ఆ తరువాత కన్నతల్లి మీదనే ఘోరమైన నింద మోపే కాగితం మీద అతనిచేత సంతకం చేయించారు.

ఆ తల్లి ఏమి చేసింది? అక్టోబరు 16న, మరణానికి కొన్ని గంటల ముందు, ఆడబిడ్డ ఎలిజబెత్‌కు ఆఖరి ఉత్తరం వ్రాసింది. వాడి వయస్సును తలచి క్షమించమని వేడుకొంది. మా చావుకు పగ తీర్చుకోవద్దని కుమారునికి చెప్పమంది. ఆ ఉత్తరం ఎలిజబెత్‌కు చేరనే లేదు.

1794 జనవరి నుండి నెలల తరబడి బాలుణ్ణి ఒంటరిగా బంధించారు. 1795 జూన్ 8న, పదేళ్ల ప్రాయంలో, రోగంతో కన్నుమూశాడు. శవపరీక్ష చేసిన వైద్యుడు పెల్తాన్ అతని గుండెను రహస్యంగా దాచాడు.

తరువాత "నేనే ఆ యువరాజును" అంటూ ఎందరో బయలుదేరారు. గడియారాల పనివాడు నావుండార్ఫ్ 1845లో చనిపోయేవరకు ఆ మాట విడువలేదు. చివరకు 2000లో జన్యు పరీక్షలు ఆ గుండె రాణి బంధువుదేనని తేల్చాయి. 2004 జూన్ 8న దానిని సెయింట్ డెనిస్ బసిలికాలో భద్రపరిచారు.

ప్రియులారా, ఆ బాలుని పేరును కోరుకున్నవారు ఎందరో! చీకటి గదిలో ఉన్నప్పుడు అతణ్ణి దగ్గరకు తీసినవారు బహు కొద్దిమంది.

జ్ఞానస్నానం పొందిన ప్రతి బిడ్డ క్రీస్తుతోపాటు దేవుని రాజ్యానికి వారసుడని పునీత పౌలుగారు రోమీయులకు బోధించారు (రోమీ 8:17). మరి మన ఇంటి వారసులను మనం ఎలా చూస్తున్నాం? భార్యాభర్తలు తగవులాడి, "మీ నాన్న ఏమన్నాడో చెప్పు", "మీ అమ్మ చేసింది తప్పు కాదా" అని బిడ్డను సాక్షిగా నిలబెట్టడం లేదా? అది పసి హృదయాన్ని చీల్చడమే. నేర్పిన మాట బిడ్డ పలికితే, ఆ పాపం పెద్దలదే. ఎదురు మాటాడిన కుమారుణ్ణి ఏళ్ల తరబడి గుమ్మం తొక్కనీయని తల్లిదండ్రులారా, చావు ముంగిట నిలిచి కూడా క్షమించిన ఆ తల్లిని తలచుకోండి.

మరియమ్మ, జోజప్పగారు తప్పిపోయిన బాలయేసును మూడు దినాలు వెదకారు. ఈ రాత్రి జపమాల ముగిశాక మీ బిడ్డల నుదుట సిలువ గుర్తు వేయండి. ఇంటికి దూరమైన బిడ్డకు మీరే ముందుగా కబురు పంపండి. తండ్రియైన దేవుడు ఏ బిడ్డ పేరునూ మరువడు. ఆమెన్.