వంగతోట దగ్గర బావ

ఎక్కడైనా బావా అనవచ్చు గాని వంగతోట దగ్గర మాత్రం కూడదని మన పెద్దలు చెప్పేవారు. వరస కలిపిన తరువాత వంకాయలకు డబ్బు అడగడం కష్టం గదా! ఇక్కడ కాలిఫోర్నియాలో మనకు వంగతోటలు లేకపోయినా బావలూ, అన్నయ్యలూ ఉన్నారు. వాళ్ళకు ఇంటి ప్లానులు కావాలి, పన్నుల లెక్కలు కావాలి. మనకు కూడుపెట్టే పనులూ అవే.

మేము లెక్కల వృత్తిలో ఉన్నవాళ్ళం. కొన్నేళ్ళ క్రితం ఒక మిత్రులు కిరాణా దుకాణం పెట్టారు. రెండేళ్ళపాటు రాత్రిళ్ళు కూర్చుని ఆ దుకాణం లెక్కలు రాశాం, రిటర్నులు తయారుచేశాం. "మీ సంగతి నేను చూసుకుంటానుగా, అన్నయ్యా" అన్నారాయన. మేము నవ్వి ఊరుకున్నాం. మనసులో మాత్రం గంటకింత అని కట్టుకుంటూనే ఉన్నాం. చివరకది మూడువేల డాలర్లయింది. ఆయన ఇవ్వలేదు, మేము అడగలేదు. ఉగాది భోజనాల దగ్గర ఆయన కొత్త కారు ముచ్చట చెబుతుంటే మాకు పాయసం సహించలేదు.

చట్టం మాకు తెలియనిది కాదు. ఈ రాష్ట్రంలో నోటిమాట కూడా ఒప్పందమే. అయితే దావా వేసే గడువు రాతకోతలుంటే నాలుగేళ్ళు, నోటిమాటకు రెండేళ్ళే. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 2024 నుంచి ఒక వ్యక్తి 12,500 డాలర్ల దాకా అడగవచ్చు. ఫీజు రాలేదని, రిటర్నుకు కావలసిన ఆయన కాగితాలు మన దగ్గర బిగపట్టుకోవడానికి మాత్రం సాధారణంగా వీల్లేదు, ఐ.ఆర్.ఎస్. వారి 230వ సర్క్యులరు చెప్పేది అదే. చేతికందిన సొమ్మునే ఆదాయంగా చూపే మా వంటివారికి, రాని ఫీజును నష్టంగా రాసుకునే వీలూ లేదు. ఇంత తెలిసీ, నోరు తెరిచి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

చివరకు ఒకనాడు అడిగాం. ఆయన నివ్వెరపోయారు. "మీరు స్నేహానికి చేస్తున్నారనుకున్నాను. ఆ రెండేళ్ళూ మీ పిల్లల్ని బడినుంచి తెచ్చి, అన్నం పెట్టింది మా ఆవిడే గదా!" అన్నారు.

నిజమే. మా పద్దులో ఆ అన్నం లేదు; ఆయన పద్దులో మా రాత్రిళ్ళు లేవు. ఎవరి చిట్టా వారు దాచుకుని, ఎదుటివాడే బాకీ అనుకున్నాం. అడగకపోవడం మా ఉదారత అనుకున్నాం గాని, అది ఆయనకు తెలియకుండా ఆయనమీద నడిపిన విచారణ.

పూర్వం మన పల్లెల్లో చాకలికీ, మంగలికీ, వడ్రంగికీ కళ్ళంలోనే మేర కొలిచేవారు. అందులో అన్యాయం లేకపోలేదు. కాగితమైతే లేదు గాని, ఎంత కొలవాలో, ఎప్పుడు కొలవాలో ఊరందరికీ తెలుసు. మాకు లోపించింది ఆ కొలత. కాగితం దాన్ని గుర్తుపెట్టుకునే సాధనం మాత్రమే.

కనుక మిత్రులకు పని చేయవద్దని మేమనం. ఊరికే చేయదలిస్తే ఆ మాట ముందే చెబుదాం. చెప్పాక మనసులో కూడా లెక్క కట్టవద్దు. ఫీజు కావాలంటే అంకె ముందే చెబుదాం. తగ్గించి తీసుకునేదుంటే ఎంత తగ్గించామో చెబుదాం. అప్పటికే చేసేసిన పని అయితే, నెలలోపే అడుగుదాం, కోపం పేరుకోకముందే.

ఆయన సగం ఇచ్చారు, మేము పుచ్చుకున్నాం. అది న్యాయమేనా అంటే చెప్పలేం. రెండేళ్ళ అన్నానికి ఖరీదు కట్టడం మా చదువులో లేదు. మరుసటి ఏడు లెక్కలకు మాత్రం ఒక్క పేజీ ఒప్పందం రాసుకున్నాం. సంతకాలు పెట్టింది వాళ్ళ వంటింట్లోనే. ఆ రోజు ఆవిడ పెట్టిన భోజనం మాకు సహించింది.