స్వభావము మారునా?

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అని మనలో ఒక సామెత కలదు. ఇంటిలో పిల్లవాడు మొండిపట్టు పట్టినను, పెద్దవారు పరుషముగా పలికినను 'అది వారి స్వభావము' అని తేల్చివేయుట మనకు అలవాటు. తన తప్పునకు సైతము మనుజుడు ఈ మాటనే అడ్డుపెట్టుకొనును. స్వభావము మారనిదే యైనచో నామస్మరణము, సత్సంగము, గురూపదేశము ఎందులకు?

ఆధునిక మనస్తత్వశాస్త్రము ఈ విషయమును 'వ్యక్తిత్వము' అను పేర విచారించినది. అమెరికా దేశీయుడగు గార్డన్ ఆల్‌పోర్ట్ 1937లో ప్రకటించిన గ్రంథమున, వ్యక్తిత్వమనగా మనుజుని దేహమనస్సులయందు నిరంతరము చలించుచుండు ఒక కూర్పు అని నిర్వచించెను. అది పోతపోసిన విగ్రహము కాదన్నమాట. కోపము, ఓర్పు, బిడియము వంటి నిలుకడగల పోకడలు 'లక్షణములు'. కార్యమునకు పురికొల్పునది 'ప్రేరణ'. ఒక పనిని ఏ ప్రేరణతో ఆరంభించినను, కాలక్రమమున ఆ ప్రేరణ తొలగి, ఆ పనియే స్వయముగా ప్రీతిపాత్రము కాగలదని ఆయన సిద్ధాంతము. పొట్టకూటికై నేర్చిన విద్యను కూటికి కొదువలేని నాడును విడువని పనివాడు ఇందుకు నిదర్శనము.

గీతయందు పదునాలుగవ అధ్యాయము గుణత్రయమును వివరించును. లక్షణములును గుణములును ఒకటే యని చెప్పరాదు. అయినను సత్త్వరజస్తమస్సులలో ఒకప్పుడొకటి తక్కిన రెంటిని అణచి పైకి వచ్చునని భగవానుడు తెలిపెను. కావున ఒకనిని చూచి 'వీడు తామసుడు' అని శాశ్వతముగా ముద్రవేయుట తగదు.

ఓరుగల్లు సీమలోని బమ్మెర గ్రామము పోతనామాత్యుని పేర పవిత్రమైనది. ఆ మహాకవి తెనిగించిన భాగవతమున చతుర్థస్కంధములోని ధ్రువచరిత్రము మన ప్రశ్నకు చక్కని సమాధానము. సవతితల్లి సురుచి పలికిన మాట ఐదేండ్ల బాలుని హృదయమున ములుకువలె నాటినది. శాంతి వహింపుమని నారదుడు చెప్పగా, క్షాత్రస్వభావుడనగు నా మనస్సున ఈ బోధ నిలువదని బాలుడు బదులు పలికెను. మునీంద్రుడు ఆ స్వభావమును నిందింపలేదు. దానికి మధువనపు దారి చూపెను, ద్వాదశాక్షరి నొసగెను. పదవికై మొదలైన తపస్సు హరిదర్శనముతో ముగిసెను. మోక్షమీయగల స్వామిని అల్పము కోరితినే యని ధ్రువుడు ఇంటిదారిలో వగచెను. ప్రేరణ మారినది!

అయితే రోషము నశించెనా? లేదు. తమ్ముడగు ఉత్తముని యక్షుడు వధింపగా, ధ్రువుడు నిరపరాధులగు యక్షులను సైతము కూల్చెను. తాతయగు స్వాయంభువ మనువు వచ్చి మందలింపగా విల్లు దించెను. అంతట కుబేరుడు సంతసించి వరమీయ వచ్చినపుడు, ధ్రువుడు చలింపని హరిస్మరణము నొక్కదానినే యాచించెను. రోషము పుట్టుకతో వచ్చినదే కావచ్చును. విల్లు దించుట మాత్రము ఆతడు చేసికొన్న నిర్ణయము.

కావున లక్షణము మనకు లభించిన మూలధనము. దానిని వినియోగించు బాధ్యత మనది. మొండి పిల్లవానికి 'నీవింతే' యను ముద్ర వేయక, ఆ పట్టుదలకు ఒక మంచి దారి చూపుట తల్లిదండ్రుల ధర్మము. మనకు కోపము వచ్చినపుడు స్వభావమును సాకుగా చెప్పక, మందలించు పెద్దల మాటకు చెవియొగ్గుట మన ధర్మము. అట్టి వినయమును శ్రీహరి మనకు ప్రసాదించుగాక!