భూమి దండించునా?

1934వ సంవత్సరము జనవరి 15వ తేదిని, మధ్యాహ్నము రెండు గంటలు దాటి కొన్ని నిమిషములైన పిమ్మట, ఉత్తర బీహారమునందును నేపాళమునందును భూమి కంపించెను. ముంగేరు పట్టణము నేలమట్టమయ్యెను. ముజఫరుపురమున నిలిచిన మేడలకంటె కూలినవే ఎక్కువ. పదివేలమందికి పైగా ప్రాణములు కోలుపోయిరి. గంగామైదానమున పొలములు నెఱ్ఱెలు వాఱి, ఆ నెఱ్ఱెలగుండ నీరును ఇసుకయు ఊటలై పైకెగసి, పచ్చని చేలపై మేటలు వేసెను. ఊరూర త్రాగునీటి బావులు ఇసుకతో పూడిపోయెను. ఆ దినములలో గాంధీమహాత్ములు అస్పృశ్యతానివారణమునకై దక్షిణదేశమున సంచరించుచుండిరి. ఆంధ్రదేశపు పర్యటన ముగిసి కొద్ది వారములే అయియుండెను. తిరునల్వేలిలో జనసమూహమునెదుట నిలిచి, ఈ భూకంపము అస్పృశ్యతయను మహాపాపమునకు భగవంతుడు మనకు విధించిన దండనమని తాము నమ్ముచున్నట్లు ఆయన చెప్పిరి.

రవీంద్రనాథ ఠాకూరు ఈ మాట విని మిక్కిలి నొచ్చుకొనిరి. అస్పృశ్యతను ఏవగించుకొనుటలో ఆయన గాంధీజీకి తీసిపోయినవారు కారు. అయినను, భౌతికోపద్రవములకు భౌతికకారణములే మూలమనియు, ధర్మసూత్రములను విశ్వవ్యాపారములతో ఇట్లు ముడివేయుట ప్రజలలోని అవివేకమునకు బలము చేకూర్చుననియు, ఇట్టి వాదము గాంధీజీకంటె ఆయన ప్రతిపక్షులకే ఎక్కువగా ఉపకరించుననియు తెలుపుచు ఒక ప్రకటన వ్రాసిరి. దానిని గాంధీజీ ఫిబ్రవరి 16వ తేది ‘హరిజన్’ పత్రికలో అచ్చువేయించి, తమ సమాధానమును గూడ ప్రకటించిరి. తమ విశ్వాసమును ఋజువు చేయజాలకున్నను, పరిహాసమునకు వెఱచి దానిని దాచుట పిరికితనమగునని ఆయన పక్షము. ఒకరినొకరు ఇంతగా ప్రేమించుకొన్నవారు, ఇంత గంభీరమైన విషయమున, ఇంత బహిరంగముగా భేదించుట మన దేశచరిత్రలో అరుదు.

హృదయము గాంధీజీవైపును, బుద్ధి ఠాకూరువైపును లాగుచున్నవని చెప్పి ఈ వివాదమునుండి తప్పించుకొనుట సులభమే. కాని భూకంపమున చచ్చినవారు ఏ నేరమునకు చచ్చిరన్న ప్రశ్న అట్లు తప్పించుకొనదగినది కాదు. భూమి కదలికకు కారణము చెప్పుటలో ఠాకూరు పలికినదే సత్యమని నా నిశ్చయము. ఠాకూరు శంకించినట్లే జరిగినది: హరిజనులకు దేవాలయద్వారములు తెఱువవలెనను ఉద్యమమే ధరిత్రికి ఆగ్రహము తెప్పించినదని సనాతనులు చెప్పసాగిరి. ఒకే భూకంపము రెండు పక్షములకును సమానముగా సాక్ష్యమిచ్చినయెడల అది ఎవరి పక్షమునను సాక్షి కాదు. అంతకంటె నన్ను బాధించునది మఱియొకటి. ముంగేరులో గోడలక్రింద నలిగినవారిలో పురోహితులును, వర్తకులును, తొట్టెలలోని శిశువులును ఉండిరి. అంటరానివారని ఊరివెలుపల ఉంచబడినవారును ఉండిరి. పాపము చేసినవానితోబాటు ఆ పాపమునకు బలియైనవానిని గూడ కూల్చివేయు దండనమును దండనమని ఏ ధర్మశాస్త్రము చెప్పగలదు? గాంధీజీ కరుణామూర్తి, ఆ వాక్యములోని కరుణ బ్రతికియున్నవారిని మేల్కొలుపుటకు ఉద్దేశింపబడినది. కాని మృతులను అది మనకు పాఠముగా మాత్రమే మిగిల్చినది, అంతటి అల్పమైన స్థానము వారికి తగదు.

మన పూర్వులందఱును ఉపద్రవములను దైవాగ్రహముగానే భావించిరని అనుకొనుట సరికాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపలక్షణములను చెప్పబూని, జలమధ్యమున వసించు మహాసత్త్వముల కదలిక వలన భూమి చలించుననువారి మతమును, భారము మోసి అలసిన దిగ్గజముల నిట్టూర్పుల వలన చలించుననువారి మతమును, గాలులు గాలులతో ఒరసికొనుట వలన చలించుననువారి మతమును, ప్రజల ధర్మాధర్మములనుండి పుట్టిన అదృష్టమే కారణమనువారి మతమును ప్రక్కప్రక్కనే ఉంచినాడు. పాపమే హేతువను పక్షము ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే.

వేదాంతులు ఈ ప్రశ్నను ఇంకను లోతుగా త్రవ్విరి. లోకమున ఒకడు సుఖించుచు వేఱొకడు క్రుళ్ళి కృశించుచుండగా, ప్రళయమున సర్వమును సంహరింపబడుచుండగా, సృష్టికర్తకు పక్షపాతమును క్రౌర్యమును అంటవా యని బ్రహ్మసూత్రములు తామే ఆక్షేపించుకొని, రెండవ అధ్యాయము మొదటి పాదమున సమాధానము చెప్పినవి. అచ్చట శంకరాచార్యులు ఈశ్వరుని మేఘముతో పోల్చిరి: మేఘము వరికిని యవలకును సమముగనే వర్షించును, పైరులలోని భేదము బీజములది, వానది కాదు. అట్లే ప్రాణుల సుఖదుఃఖభేదము వారివారి కర్మలది, ఈశ్వరునిది కాదు. ఈ సమాధానము ఈశ్వరుని నిర్దోషిని చేసినది. కాని ఒకే మధ్యాహ్నము ఒకే కంపమున కూలిన పదివేలమంది కర్మలు ఒక్క ముహూర్తముననే పరిపక్వమయ్యెనా యని అడుగువానికి సంతృప్తి నీయజాలదు. అట్లని దానిని త్రోసివేయుటకును నాకు మనసు రాదు. ఆ మేఘమునకును బీజమునకును ముందు మరల రావలసియున్నది.

బౌద్ధులు ఈ చిక్కును వేఱొక దారిని విప్పిరి. అనుభవమున కలుగు ప్రతి వేదనయు పూర్వకర్మఫలమేయను వాదమును బుద్ధుడు మోళియ సీవకుడను పరివ్రాజకునితో సంభాషించుచు స్పష్టముగా నిరాకరించెను. వాతపిత్తశ్లేష్మముల వలనను, ఋతువుల మార్పు వలనను గూడ బాధలు కలుగునని చెప్పెను. తరువాతి పాళి వ్యాఖ్యాతలు విశ్వమునందలి నియమములను ఐదుగా విభజించి, ఋతునియమమును కర్మనియమమునుండి వేఱుగా నిలిపిరి. శీతోష్ణములు, గాలివానలు తమ నియమము ననుసరించును. వానికి మన పుణ్యపాపముల లెక్కతో పనిలేదు. ఈ బోధ మన తెలుగుదేశమునకు అన్యమైనది కాదు. కృష్ణాముఖమునకు చేరువనున్న ఘంటసాలలో మహాచైత్యము వెలసిన దినములలో, ఓడలెక్కి సముద్రముపై వెళ్ళు వర్తకులును భిక్షువులును ఈ మాటలు వినియే యుందురు. బంగాళాఖాతపు గాలివానలు వారికి గ్రంథవిషయములు కావు.

ఆ ఘంటసాలకు కొద్దిదూరముననే దివిసీమ మొదలగును. పులిగడ్డ కడ కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ రెండు పాయలకును సముద్రమునకును నడుమ బంధించిన లంక అది. అచ్చటి మట్టి అంతయు నది తెచ్చినదే. సహ్యాద్రినుండి, మహారాష్ట్ర కర్ణాటకముల నల్లరేగళ్ళనుండి, తెలంగాణపు మెట్టలనుండి వరదవరదకును కోసి తెచ్చిన ఒండ్రును వేలయేండ్లు పేర్చి, సముద్రమును వెనుకకు నెట్టి, కృష్ణ ఆ భూమిని నిర్మించినది. గట్లు తెగి పొర్లిన ప్రతి వరదయు ఆనాటి మనుష్యునకు విపత్తే. మరునాటి మనుష్యునకు పొలమే. భూమిపై ఉపద్రవముల ప్రభావమేమని అడుగువారికి మొదట చెప్పవలసినది ఇదియే: మనము విధ్వంసమని పిలుచు పనులతోడనే భూమి తన్ను తాను కట్టుకొన్నది. ఏటికి రెండంగుళముల చొప్పున ఉత్తరముగా జరుగుచు మన భూఖండము ఆసియాను ఢీకొనుట వలన హిమాలయములు లేచినవి. ఆ హిమాలయములు అరుగుట వలన గంగామైదానము పుట్టినది. ఆ ఒత్తిడియే 1934లో ఒక్కపెట్టున విడివడి బీహారమును కూల్చినది. కూల్చుటలో ఆ మెత్తని ఒండ్రునేలయే, కంపము తగులగనే నీరువలె జాఱి, గోడల క్రింది ఆధారమును లాగివేసినది. ఆదిలాబాదు ప్రాంతమున ప్రత్తి పండు నల్లరేగడి, సుమారు ఆరున్నర కోట్ల యేండ్లక్రిందట భూగర్భము చీలి పొంగి ప్రవహించిన లావాశిలలు చివికి ఏర్పడినది. అన్నము పెట్టు చేయియు కొట్టు చేయియు వేఱుగా లేవు. ఒకదానికై దేవునికి కృతజ్ఞత చెప్పి, వేఱొకదానిని శిక్ష యనుట భక్తుడు చేయదగిన విభాగము కాదని నాకు తోచును.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేది, శనివారమునాడు, ఆ దివిసీమపై ఉప్పెన వచ్చినది. వరి కోతకు వచ్చుచున్న కాలము. తుపానుగాలి తీరమునకు తఱిమిన నీరు, లోతు తక్కువైన అడుగున వెనుకకు పోవ దారిలేక, సుమారు 5 మీటర్ల ఎత్తున గోడవలె లేచి మైళ్ళకొలది లోపలికి చొచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలు పల్లెలే తుడిచిపెట్టుకొనిపోయెను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో మనుష్యుల శవములును పశువుల కళేబరములును తుమ్మకంపలకు చిక్కి దినములకొలది వ్రేలాడెను. మృతులు దాదాపు పదివేలని ప్రభుత్వము లెక్కించినది. అంతకంటె చాల ఎక్కువని సీమవారి నమ్మకము. అంతకుముందు 1864 నవంబరు 1వ తేదిని బందరుపై వచ్చిన ఉప్పెన ముప్పదివేలమందిని మ్రింగినదన్న జ్ఞాపకము ఆ తీరమున అప్పటికి మాసిపోయియుండెను.

బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి ‘నేనేమి పాపము చేసితిని’ అని ఏడ్చినపుడు, ఆమె ప్రశ్న అడుగుట లేదు. ఉత్తరము చెప్పబోవువాడు శాస్త్రి కానిండు, శాస్త్రజ్ఞుడు కానిండు, నోరు మూసికొనుటయే మంచిది. కాని మనము, ఆ తీరమునకు దూరముగా కూర్చుండి చదువుకొనువారము, మేఘమును బీజమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఉప్పెన అందఱిపై సమముగనే వచ్చినది. ఫలము సమముగా లేదు. ఇటుకగోడల మేడపైకెక్కినవాడు తెల్లవారుదాక నిలిచినాడు. తాటాకు పూరిపాకలోనివాడు నిలువలేదు. ఊరికి పల్లపువైపున వాడలు, సముద్రపుటొడ్డున జాలరి గుడిసెలు, పరుల చేలగట్లపై కూలివారి పాకలు, ఎవరెవరు ఎచ్చట నివసింపవలెనో ఆ నిర్ణయము తుపాను చేసినది కాదు. శంకరుల ఉపమానములోని బీజము చనిపోయినవాని పూర్వజన్మలో మాత్రమే ఉన్నదని అనుకొననేల? మన సంఘము తరతరములుగా విత్తిన బీజమొకటి ఆ పల్లములలో ఉన్నది. ఈ చోట గాంధీజీ మాటకు, ఆయన ఉద్దేశించినది కాకున్నను, ఒక సత్యము లభించుచున్నది: అస్పృశ్యత భూమిని కదల్పలేదు గాని, కదలినపుడు ఎవరి యింటిగోడ మట్టిదో, ఎవరి గుడిసె పల్లమున నున్నదో అది ముందుగనే నిర్ణయించియుంచినది.

ఐరోపాలో ఈ మాట ముందుగా అన్నవాడు తత్త్వవేత్తయగు రూసో. 1755 నవంబరు 1వ తేదిని, సర్వపునీతుల పండుగనాటి ఉదయము, చర్చిలు భక్తులతో నిండియున్న వేళ, లిస్బను నగరము కంపించి, దీపములనుండి అంటుకొన్న మంటలలోను వెంటవచ్చిన సముద్రపు కెరటములలోను నాశమయ్యెను. ఈశ్వరుని మంగళస్వరూపము నెట్లు నమ్మవలెనని రచయితయగు ఓల్టేరు ఆక్రోశించెను. మఱుసటి యేడు రూసో ఆయనకు జాబు వ్రాయుచు, ఆరేడు అంతస్తుల ఇండ్లు వేలకొలదిగా ఒక్కచోట ఇరికించినది ప్రకృతి కాదు గదా యని అడిగెను. దేవుని పక్షమున వాదించుటకు ఇది చాలని రూసో అనుకొన్నాడు, నాకట్లు తోచదు. మానవుని లెక్క తీర్చిన పిమ్మటను ఒక శేషము మిగులును, దానిని ఏ వాదమును కరగింపలేదు.

ఆ లెక్క ఎంతవఱకు మనదో 1990 మే నెల చూపినది. 1977 నాటిదానికి తీసిపోని తుపాను ఆ నెలలో కృష్ణాతీరముననే ఒడ్డెక్కినది. ఈసారి లక్షమందికి పైగా జనులను ముందుగనే తరలించిరి. నడుమ పదుమూడేండ్లలో తుపాను రక్షితభవనములు లేచినవి, తీరమున సరుగుడు తోపులు పెరిగినవి, రేడియో హెచ్చరికలను జనులు వినుట నేర్చినారు. మృతులు వేయిమందికి లోబడిరి. సముద్రము అదియే, గాలియు అదియే. పదుమూడేండ్లలో ఆంధ్రులు పదిరెట్లు పుణ్యాత్ములైరని చెప్పుటకు ఎవడును సాహసింపడు. అయినను ధర్మము అచ్చట పనిచేయలేదని చెప్పుటకును వీలులేదు. రక్షితభవనము కట్టిన తాపీపనివాని చేతిలోను, కదలనని మొండికేసిన ముసలివారిని ఎత్తుకొనిపోయి లారీలోనికెక్కించిన యువకుని భుజములలోను అది పనిచేసినది. పూజాగృహమున దొరకని దైవము నాకు ఆ భుజములలో దొరకుచున్నది.

నేడు అచ్చట వేఱొక బీజము పడుచున్నది. ఎగువన శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలగు జలాశయములు కృష్ణ తెచ్చు ఒండ్రును తమలో నిలుపుకొనుచున్నవి. డెల్టాకు మట్టి మునుపటివలె రాదు. మట్టి రాని తీరమును సముద్రము కొన్ని చోట్ల కోసివేయుచున్నది. ఉప్పెన వేగమును విఱుచు మడ అడవులు పెక్కుచోట్ల రొయ్యల చెరువులకై నఱకబడినవి. ఆనకట్టల ఎత్తును, చెరువుల అనుమతులను, మడ అడవుల ఎల్లలను నిర్ణయించు సభలలో పాలకాయతిప్ప జాలరికి ఆసనము దొరకుట అరుదు.