కట్టుటకును విప్పుటకును వెల

ధ్యాన భాగములు: లూకా 14:28, యాకోబు 3:5



గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు బోధించెను. కట్టినదానిని విప్పుటకును వెల యున్నదని నేటి సంగతి యొకటి మనకు నేర్పుచున్నది.

అమెరికాలో టెలివిజను ద్వారా పేరొందిన కైలీ జెన్నర్ అను యువతి, తన పెదవులు లావుగా కనబడుటకు సూదితో మందు నింపించుకొన్నట్లు 2015లో ఒప్పుకొనెను. 2018లో దానిని తీసివేయించుకొంటినని తెలిపెను. చిన్న వయసులో ఒక అబ్బాయి తన పెదవులు చిన్నవని అన్న మాట తనను నొప్పించెనని ఆమెయే చెప్పెను.

ఫిల్లరు అనబడు ఆ మందు సాధారణముగా హయలూరోనిక్ ఆమ్లము అను జిగట పదార్థము. కొందరికి అది గడ్డలు కట్టును. కొందరికి పెదవి అంచు దాటి ప్రాకును. కొందరు అద్దములో తమ ముఖమును తామే గుర్తుపట్టలేక విసుగుదురు. అరుదుగా రక్తనాళము మూసికొని చర్మము చచ్చు ప్రమాదము కలుగును. అప్పుడు ఆలస్యము చేయరాదు. హయలూరోనిడేజ్ అను మరియొక మందు ఎక్కించినయెడల అది తరచు ఒకటి రెండు దినములలో కరగును. ఒక్కమారు చాలకపోవచ్చును. కొందరికి ఆ మందు పడక దద్దుర్లు, వాపు కలుగును. సిలికాను వంటివైతే దానికి కరగనే కరగవు. కత్తి పెట్టవలసి వచ్చును. అమెరికాలో తీయించుటకే వందల డాలర్లగును. నింపుటకు ఒకమారు, తీయుటకు మరియొకమారు రూకలు!

అయితే మందు కరగినను మాట కరగునా? ఆ గాయమును మాన్పు సూది యేదియు లేదు.

ఇది దూరదేశపు సంగతి యనుకొనకుడి. హైదరాబాదులోను ఈ పని చేయు వైద్యశాలలున్నవి. అంతకంటె ముందుగా ఆ మాట మన వీధిలోనే యున్నది. “నల్లపిల్ల,” “ఎత్తుపళ్లది,” “దీనిని ఎవడు చేసికొనును?” అని పెండ్లిచూపులలోను, ఆరాధన ముగిసి అరుగుమీద కూర్చున్నప్పుడును అనునది మనము కామా?

గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స చేయించుట గర్వము కాదు. బిడ్డ పాలు త్రాగుటకును మాటలాడుటకును అది మేలు. ఫిల్లరు తీయించుకొన్నవారిని చూచి నవ్వకుడి. తిరిగివచ్చిన కుమారుని ఆ తండ్రి వెక్కిరింపలేదు గదా.

తల్లులారా, తండ్రులారా, దేవుడిచ్చిన నీ ముఖము మాకిష్టమని ఈ వారము మీ కుమార్తెతో ఒక్కమారు చెప్పుడి. దానికి రూకలు అక్కరలేదు. దానిని విప్పవలసిన పనియు ఎన్నటికిని రాదు.

ప్రభువు మన పెదవులకు కావలి యుంచును గాక. ఆమేన్.